లెక్సస్ పుట్టిల్లు

ఆవకాయ జాడీ కింద నేను పరిచిన కాగితం మీద గొడవ మొదలైంది. అది కార్ల పత్రికలోని పేజీ.

"గంత మంచి లెక్సస్‌కు నూనె అంటిచ్చినవా!" అన్నాడు మా ఆయన.

"పోనియ్ అన్నా, అక్యూరా ముందు గదెంత? ఇన్ఫినిటీ అయితే ఇంకా జబర్దస్తు," అన్నాడు మరిది వీరబాబు.

భద్రాచలం నుంచి పర్ణశాలకు ఎవరిదో జీపు తోలే మా ఆయనకు సొంత బండి కావాలి. చర్లలో పాత క్వాలిస్ అమ్మకానికుంది. చూపుకు బాగాలేదని ఎటూ తేల్చడు. సాయంత్రం దాటితే వేరేవాళ్లకు ఇచ్చేస్తామన్నారు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర అత్తయ్య పెళ్లి సంబంధం వాకబు చేసినట్టు అడిగింది.

"గీ ముగ్గురు పిల్లలు ఎవరింటోళ్లే?"

జాడీ పెట్టేముందు ఆ పేజీ చదివే పెట్టాను.

"లెక్సస్ టొయోటా వాళ్లది, అక్యూరా హోండా వాళ్లది, ఇన్ఫినిటీ నిస్సాన్ వాళ్లది అత్తయ్యా. చివరి రెండూ మన దగ్గర అమ్మరు."

"మరి క్వాలిస్?"

"అదీ టొయోటా ఇంటిదే."

"అట్లయితే లెక్సస్‌కు అక్కనే గదా! చెల్లె పట్టుచీర కట్టింది, అక్క కొంగు నడుముకు చెక్కింది. చర్ల తొవ్వల పట్టుచీర ఏం పనికొస్తదిరా?"

వీరబాబుకు నవ్వుతో పొలమారింది. మా ఆయన తల వంచుకుని నవ్వుతూనే పెరుగన్నం కలిపాడు. చివరి ముద్ద తిని అందరికీ వినబడేలా చెప్పాడు.

"చెయ్యి కడుక్కొని చర్లకు పోతున్న. అక్కను ఇంటికి తెస్త."