ఎర్రసిరా కుట్లు

రండమ్మా రండి, ఇంకాస్త దగ్గరికి జరగండి. ఆ గుసగుసలు ఆపండి, మీ మొగుళ్ళ సంగతులు తర్వాత చెప్పుకోవచ్చు. ముందు మా ఆయన సంగతి వినండి.

ఆయన బడిలో ఇంగ్లీషు మాస్టారు. పరీక్షలైతే చాలు, పేపర్ల కట్టలు ఇంటికొచ్చేవి. ఎన్నంటారా? ఒకసారి మా పిల్లి వాటి వెనక్కి వెళ్ళి, మూడు పిల్లలతో తిరిగొచ్చింది! అన్నీ దిద్దేది నేనే. బడి మొహం చూడనిదాన్ని. అక్షరాలు ఆయనే నేర్పాడు, ప్రేమతో కాదు, ఆదివారం కునుకు కోసం. "చేసేది ఆయనో ఆవిడో ఒక్కరే అయితే వెర్బు చివర ఎస్ ఉండాలి. నలుగురైతే ఉండకూడదు. బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరెయ్," అని దుప్పటి కప్పుకునేవాడు. ఒక్కరే చేసేటప్పుడు పనికి బరువెక్కువని నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఇట్టే ఎక్కింది.

తప్పుకి ఇంటూ కొట్టడానికి నాకు మనసొప్పేది కాదు. బట్టలు కుట్టే చెయ్యి కదా, మనిషికీ పనికీ అతుకు ఊడినచోట ఎర్రసిరాతో చిన్నచిన్న కుట్లు గీసి కలిపేదాన్ని. కింద సంతకం మాత్రం ఆయనది. "కూర్చుని గీతలు గీసుకోవడమూ ఒక పనేనా?" అనేది మా అత్తగారు.

మొన్న హెడ్మిస్ట్రెస్ గారు ఇంటికొచ్చారు. "మాస్టారూ, మీ కుట్లు చూసి పిల్లలు తప్పులు మానేశారు. బడి మొత్తం పేపర్లు దిద్దడానికి ఒకరిని పెడుతున్నాం, జీతం వేరే. ఏదీ, ఒకసారి కుట్టి చూపించండి," అని పేపరు చేతికిచ్చారు.

ఆయనకి చెమట ఎంత పట్టిందంటే, వరండాలో నీళ్ళ మీటరు చూస్తున్నతను పైపు పగిలిందనుకుని పరిగెత్తుకొచ్చాడు. చివరికి ఈయన పేపరు మీద ఇంత పెద్ద ఇంటూ కొట్టాడు.

"ఇదేంటండీ?" అన్నారావిడ.

"ఏమే, ఆ టీ అక్కడ పెట్టి లోపలికెళ్ళు," అన్నాడు, టీ తెచ్చిన నాతో.

వెళ్ళలేదు. కప్పు ఆయన చేతిలో పెట్టి, కలం లాక్కుని, కుర్చీలో కూర్చున్నాను. పేపరంతా కుట్టేశాను. కింద, ఆయన సంతకం ఉండేచోట, నా పేరు రాశాను. అక్షరాలు వంకరే, అయినా నావి.

"జీతం నా చేతికే ఇవ్వండి మేడం. ఇంట్లో మాత్రం దిద్దను. నా బల్లా కుర్చీ బడిలోనే వెయ్యండి."

"రేపే రండి," అన్నారావిడ.

"మరి వంటో?" అంది అత్తగారు.

"తినేది నలుగురం కదత్తయ్యా, చేసేదీ నలుగురమే."

అప్పుడు మీటరతను గుమ్మంలోంచి తల లోపలికి పెట్టి, "అమ్మా, నా చొక్కా చంక దగ్గర చిరిగింది. కాస్త ఇంగ్లీషులో కుట్టిపెడతారా?" అన్నాడు.