వానకి జారని రోడ్డు

అక్కడ వాన పడితే రోడ్డు మెరుస్తుంది.

జారదు.

నల్లటి రోడ్డు మీద దీపాలు పొడుగ్గా కరిగిపోతాయి. చక్రాల కింద నీళ్ళు సర్రుమని చీలతాయి. అద్దం మీద చినుకులు వెనక్కి పరిగెడతాయి. బండి మాత్రం ఎండలో ఎలా పోతుందో అలాగే పోతుంది — మలుపులో అంగుళం కూడా పక్కకి తప్పదు.

ఆ వాన అతను చేసిందే.

అతని పని అది. కంప్యూటర్ ఆటలో బండికి నడక నేర్పడం. ఎక్కడికి పోవాలనిపిస్తే అక్కడికి పోనిచ్చే ఆట... సముద్రం పక్కన రోడ్డు, కొండ మీద రోడ్డు, ఊరి మధ్యలోంచి రోడ్డు. గెలవాలని లేదు. ఓడిపోతామని లేదు. ఊరికే తిరగడమే. ఆ తిరగడంలో హాయి ఉండాలి. ఆ హాయిని పాళ్ళు చూసి కలిపేవాడు అతను. ఆఫీసులో అందరూ అతణ్ని గ్రిప్పు అని పిలిచేవాళ్ళు — రోడ్డు మీద చక్రానికుండే పట్టు. ఇంట్లో ఉన్నది అక్క ఒక్కతే. ఆమెకి ఒరేయ్ చాలు.

ఆటలో బండిని చూపించే కెమెరాని జానెడు కిందికి దించాడు. వేగం రెట్టింపయినట్టు అనిపించింది. రోడ్లని అసలు రోడ్లకన్నా ఒకటిన్నర రెట్లు వెడల్పు చేశాడు. ఎవరూ గుర్తుపట్టలేదు. మొదట్లో వానకి బండి జారేది, నిజం వానలాగే. ఆడి చూడ్డానికి వచ్చినవాళ్ళు కొండ దిగేచోట గోడకి గుద్దుకుని, విసుక్కుని, లేచి వెళ్ళిపోయారు.

"వాన అందంగా ఉండాలిగానీ ఏడిపించకూడదయ్యా," అన్నాడు టీమ్ పెద్ద.

జారుడు తీసేశాడు. మెరుపు ఉంచాడు.

తర్వాత చెయ్యి చేశాడు.

కనపడని చెయ్యి. ఆడేవాడు స్టీరింగు ఆలస్యంగా తిప్పితే, సమయానికే తిప్పినట్టు సర్దేస్తుంది. బండి అంచుకి పోతుంటే రవ్వంత లోపలికి లాగుతుంది. రవ్వంతే. పక్కన కూర్చున్నవాడికి కూడా తెలియనంత. దానికి సున్నా నుంచి పది దాకా అంకెలు. ఆడేవాళ్ళందరికీ నాలుగు పెట్టాడు. ఆ సంగతి ఆటలో ఎక్కడా రాయలేదు.

తెలిస్తే సాయం. తెలియకపోతే వాళ్ళ గొప్ప.

అందరూ తమ గొప్పే అనుకున్నారు.

అక్క కూడా.

అక్క ఆసుపత్రి వ్యాను నడిపేది. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్ళాల్సినవాళ్ళని ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని, సాయంత్రం మళ్ళీ ఇళ్ళ దగ్గర దింపేది. పొద్దున పోయేటప్పుడు వాళ్ళు కబుర్లు చెప్పుకునేవాళ్ళు. తిరిగొచ్చేటప్పుడు పిండేసిన గుడ్డల్లా ఉండేవాళ్ళు. అందుకే గతుకులన్నీ ఆమెకి కంఠతా వచ్చు. "మా అమ్మాయి నడిపితే కడుపులో చల్ల కదలదు," అనేవాడు వాళ్ళలో ఒకాయన, టైలర్ మాస్టారు. ముందు సీటు ఆయనది. ఇంకెవరైనా కూర్చుంటే గొడవే.

ఒకరోజు పొద్దున అక్క లేచేసరికి ఎడమ చెయ్యి ఆమెది కాదు.

తలలో సన్నటి రక్తనాళం మూసుకుపోయిందన్నారు డాక్టరు. అదృష్టం, చిన్నదే అన్నారు. చెయ్యి తిరిగి వచ్చింది... కానీ అర క్షణం ఆలస్యంగా. పిలిస్తే పలికేది. వెంటనే కాదు. పెద్దవాళ్ళు పిలిస్తే మంచం మీంచి లేవడానికి బద్ధకించే పిల్లలా.

"ఆరు నెలలు ఆగండి. పరీక్ష పెట్టి చూస్తారు. పాసైతే నడపండి," అన్నారు.

ఆరు నెలలు. అక్క కిటికీ దగ్గర కూర్చునేది. కింద పోయే ప్రతి బండికీ ఆమె కుడికాలు కొద్దిగా కదిలేది.

చూడలేకపోయాడు. ఆఫీసునుంచి స్టీరింగు చక్రం తెచ్చాడు, కింద పెట్టే పెడల్స్ తెచ్చాడు. బల్లకి బిగించాడు. "ఇక్కడ గుద్దినా ఎవరికీ ఏం కాదక్కా. అలవాటు చేసుకో," అన్నాడు.

మొదటిరోజు నిజాయితీగానే పెట్టాడు. చెయ్యి సున్నా.

అక్క గుద్దింది. మళ్ళీ గుద్దింది. పదకొండోసారి గుద్దాక ఎడమ చేతిని కుడిచేత్తో తీసి ఒళ్ళో పెట్టుకుంది. దాని మీద కొంగు కప్పింది — ఎవరైనా చూస్తారేమో అన్నట్టు.

ఆ కొంగే అతణ్ని పాడుచేసింది.

రెండోరోజు అక్క టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. అతను అంకె మార్చాడు. నాలుగు కాదు. తొమ్మిది.

అక్క వచ్చి కూర్చుంది. కొండ ఎక్కింది. కొండ దిగింది. వాన మొదలైంది. వానలోనే సముద్రం దాకా వెళ్ళి, తిరిగి, బండి ఆపింది.

"చూశావురా? వచ్చేసింది! నా చెయ్యి నాకు వచ్చేసింది!"

నవ్వింది. నాలుగు నెలల్లో మొదటిసారి. ఆ నవ్వు పక్కింటికి కూడా వినపడి ఉంటుంది. అతనూ నవ్వాడు. చేతిలో టీ ఒలికింది.

వారానికో అంకె తగ్గిద్దామనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. ఒకసారి ఎనిమిది చేశాడు. మలుపులో బండి కొంచెం తడబడింది. అక్క మొహం మాడిపోయింది. మర్నాడు మళ్ళీ తొమ్మిది. రేపు తగ్గిద్దాం. ఎల్లుండి. పరీక్ష అయ్యాక. ప్రేమ అన్నాడు దాన్ని, తనలో తనే. జాలి అనడానికి నోరు రాలేదు.

పరీక్ష ఎండలో జరిగింది. చదునైన మైదానం, ఖాళీగా. నడకంత వేగం. ఆ వేగానికి అర క్షణం ఎవరికీ కనపడదు.

పాసైంది.

వ్యాను మళ్ళీ ఆమెది. ముందు సీటు మళ్ళీ మాస్టారిది.

మూడువారాలు బాగానే గడిచాయి. ఒక పొద్దున మబ్బు పట్టింది. అక్క తాళాలు వేలికి తగిలించుకుని తిప్పుతూ అంది — "ఇదివరకు వానంటే గుండె దడగా ఉండేదిరా. ఇప్పుడు లేదు. నీ ఆటలో ఎన్ని వానలు చూశాను!"

అతను బూట్ల లేసు కట్టుకుంటున్నాడు.

ఆ లేసు ముడి ఇప్పటికీ గుర్తు. వేళ్ళ మధ్య ముడి. నాలుక మీద మాట. ఒక్క మాట చాలు. అక్కా, ఆ వాన అబద్ధం. అంతే. అంతకన్నా అక్కర్లేదు.

"మెల్లగా వెళ్ళు," అన్నాడు.

"ఓహో! నాకే చెప్తున్నావూ?" అంటూ మెట్లు దిగింది.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో, నీళ్ళ ట్యాంకు దగ్గర దిగుడు. తడిసిన రోడ్డు. ఎడమకి మలుపు. ఇదివరకటి అక్క అయితే అక్కడ సగానికి సగం తగ్గించేది. ఇప్పటి అక్క తగ్గించలేదు — వందలసార్లు తిరిగిన మలుపులాంటిదే కదా. తిప్పింది. ఎడమ చెయ్యి అర క్షణం ఆగింది. ఆ అర క్షణంలో పట్టుకోవడానికి అక్కడ ఎవరూ లేరు.

వ్యాను గోడకి రాసుకుంటూ పోయి ఆగింది.

వెనక ఉన్న నలుగురికీ దెబ్బల్లేవు. ముందు సీట్లో మాస్టారికి కుడిభుజం దగ్గర ఎముక విరిగింది.

ఆయన కత్తెర పట్టే చెయ్యి అది.

ఫోను వచ్చేసరికి అతను ఆఫీసులో ఉన్నాడు. ఆట విడుదలై వారం. ఆడినవాళ్ళ ఉత్తరాలు టీమ్ పెద్ద బయటికి చదువుతున్నాడు. "ఈ బండి నా మనసు తెలుసుకుని తిరుగుతుంది." అందరూ చప్పట్లు కొడుతున్నారు. అతని వీపు తడుతున్నారు.

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద అక్క. చీర అంచు బురద. పోలీసాయన అడుగుతుంటే ఒకే మాట చెప్తోంది — "తప్పు నాదేనండి. రాసుకోండి. నాదే."

ఆయన వెళ్ళిపోయాక తమ్ముడి వైపు తిరిగింది.

"అన్ని మలుపులు తిరిగానుకదరా. అక్కడ విన్న చెయ్యి ఇక్కడ ఎందుకు వినలేదు?"

తేలు కుట్టిన దొంగలా వంగి, ఆమె చీర అంచు బురద తుడవడం మొదలుపెట్టాడు.

అక్క వ్యాను తాళాలు ఆసుపత్రివాళ్ళకి ఇచ్చేసింది. ఎవరూ అడక్కముందే. రోజూ మధ్యాహ్నం మాస్టారి ఇంటికి వెళ్ళేది. అన్నం కలిపి పెట్టేది, మందులు చూసేది, వచ్చేసేది. బల్లకి బిగించిన స్టీరింగు మీద ఓ తువ్వాలు ఆరేసింది. అది ఆరాక కూడా తియ్యలేదు.

ఆఫీసులో టీమ్ పెద్ద పిలిచాడు. "కొందరికి చెయ్యి పెంచి చూశాం, వాళ్ళే ఎక్కువసేపు ఆడుతున్నారు గ్రిప్పూ. అందరికీ నాలుగుని ఐదు చేద్దాం."

"పోనీ... అలాంటిదొకటి ఉందని ఆటలో చెప్దామా? వద్దనుకున్నవాళ్ళు తీసేసుకుంటారు."

పెద్ద నవ్వాడు. "చెప్తే మజా ఏముందయ్యా!"

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, అతను చొక్కా సర్దుకున్నాడు.

ఐదు అని కొట్టాడు.

ఒక్క అంకె. మీట నొక్కితే చిన్న చప్పుడు. ఎక్కడెక్కడో ఎవరెవరివో చేతులు ఆ క్షణాన ఇంకొంచెం గొప్పవయ్యాయి.

ఆదివారం పొద్దున పైకి వెళ్ళాడు. అక్క డాబా మీద ఉంది, గోడకి ఎదురుగా. చేతుల్లో గుండ్రటి పళ్ళెం. స్టీరింగులా పట్టుకుని కుడికి తిప్పుతోంది. ఎడమకి తిప్పుతోంది. ఎడమకి... పళ్ళెం జారి ఖంగుమంది. తీసింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ ఖంగుమంది.

కుడిచేత్తో ఎడమచేతిని ఫటీమని కొట్టింది.

"మొద్దుదానా," అంది. మళ్ళీ కొట్టింది.

"కొట్టకక్కా!"

ఉలిక్కిపడి చూసింది.

"దాని తప్పు కాదు. అక్కడ మలుపులు తిరిగింది నువ్వు కాదక్కా. నేను."

"నువ్వు పక్కన కూర్చుని టీ తాగుతున్నావు కదరా." వెక్కిరింపుగా అంది. ఏదో ఓదార్పు అనుకుంది.

చెప్పాడు. చెయ్యి సంగతి. అంకెల సంగతి. జారని వాన సంగతి. ఒక్కొక్కటీ బయటికి వస్తుంటే ఎంత చిన్నవిగా ఉన్నాయో! ఇంత చిన్నవాటిని ఇన్నాళ్ళు ఎలా మోశాడో... ఇంత చిన్నవి ఒక మనిషి ఎముక ఎలా విరిచాయో.

అక్క పళ్ళాన్ని ఒళ్ళో పెట్టుకుని గోడకి చేరగిలబడింది.

"ఎప్పట్నుంచి?"

"రెండోరోజు నుంచి."

"అంటే... నేను నవ్విన రోజు."

తల ఊపాడు.

తిడుతుందనుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండును. చెంప పగలగొట్టి ఉంటే ఇంకా బాగుండును. ఆమె ఎడమ చేతిని చూసుకుంది, చాలాసేపు. వేళ్ళు విప్పింది. మూసింది. ఆలస్యంగా, తనదైన వేగంతో, అవి మూసుకున్నాయి. కొట్టినచోట ఎర్రగా ఉంటే బొటనవేలితో రాసింది.

"తగ్గించేదాన్నిరా," అంది. "అక్కడ, ట్యాంకు దగ్గర. నా చెయ్యి ఇంతేనని తెలిసుంటే వేగం తగ్గించేదాన్ని. ఇంతే అయినా నడిపేదాన్ని."

గాలికి ఆరేసిన బట్టలు అటూ ఇటూ ఊగాయి. ఇద్దరూ వాటినే చూశారు.

"చెప్పులేసుకో," అంది.

"ఎక్కడికి?"

"ఈ మాట వినాల్సిన మనిషి ఇంకొకాయన ఉన్నాడు."

నడిచారు. అక్క ముందు. అతను నాలుగడుగులు వెనక. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు, అలాగని వేగంగానూ నడవలేదు. క్షమించిందా? అడగలేదు. అడిగే హక్కు ఎక్కడో దారిలో పడిపోయింది. రోడ్డు దాటేచోట ఒక బండి రివ్వున వచ్చి, చివర్లో కొద్దిగా పక్కకి తిరిగి, వెళ్ళిపోయింది. నడిపేవాడి మొహం మీద తన మీద తనకి ఎంత నమ్మకమో... అతను చూపు తిప్పుకున్నాడు.

మాస్టారిది వీధి వైపున్న ఒంటిగది. అందులోనే మంచం, అందులోనే కుట్టుమిషను. మిషను మీద దుప్పటి కప్పి ఉంది. గోడకి కొక్కేలకి కత్తిరించి కుట్టని గుడ్డలు, ఒక్కోదానికీ ఒక్కో చీటీ. కుడిచెయ్యి మెడకి కట్టుకుని మాస్టారు మంచం మీద కూర్చున్నాడు.

"రా అమ్మాయ్. ఇవాళ పెందరాళే వచ్చావే! వెనకాల ఎవరు?"

"మా తమ్ముడండీ. మీతో ఏదో చెప్పాలట."

"ఓ, ఆటలు చేసే అబ్బాయా! చెప్పు నాయనా, కూర్చుని చెప్పు."

స్టూలు మీద ఒక చొక్కా ఉంది. ఒక చెయ్యి కుట్టి, రెండో చెయ్యి కుట్టకుండా ఆగిపోయిన చొక్కా. మాస్టారు వంగి ఎడమచేత్తో దాన్ని తియ్యబోయాడు. అలవాటు లేని చెయ్యి. చొక్కా వేళ్ళలోంచి జారింది. మళ్ళీ పట్టుకోబోయాడు. మళ్ళీ జారింది.

అతని చెయ్యి దానంతట అదే ముందుకి వెళ్ళింది.

మధ్యలో ఆగింది.

"మాస్టారూ," అన్నాడు. "నేను... పట్టుకోమంటారా?"

మాస్టారు తలెత్తి చూశాడు. అక్క గుమ్మం దగ్గరే నిలబడి, గోడకున్న గుడ్డల చీటీలు చదువుతోంది, ఒక్కొక్కటే, పెదవులు కదుపుతూ.