ఏడో మెట్టు

మా ఇంట్లో చెక్క మెట్లు పద్నాలుగు. కట్టింది మా బావగారు, అంటే మా ఆయన అన్నయ్య. పేరున్న వడ్రంగి మేస్త్రీ. ఎదురుగా బావగారూ అంటాను గానీ, మనసులో నాకు వాడు వాడే.

ఆరేళ్ళ కిందట మా ఆయన ఆ మెట్ల మీంచి దొర్లి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఏదో మెట్టు కదిలిందని ఆసుపత్రి మంచం మీద మొత్తుకున్నాడు. మర్నాడు మేస్త్రీగారు అత్తయ్యనీ నన్నూ ఇరుగుపొరుగునీ పిలిచి, పద్నాలుగు మెట్ల మీదా గెంతి చూపించాడు. ఒక్కటీ కదల్లేదు. "తాగి ఉంటాడులే" అని నవ్వాడు. ఆ మాట బస్సు డిపో దాకా పాకింది. చుక్క ముట్టని మనిషి తాగుబోతై, డ్రైవరు ఉద్యోగం ఊడింది. కన్నతల్లి కూడా నమ్మేసింది. నేను ఏడుపు దిగమింగుకుని చెక్క సామాన్ల కార్ఖానాలో పనికి చేరాను. కడుపుమంట మాత్రం చల్లారలేదు.

ఈ మధ్య మెట్లు కిర్రుకిర్రుమని ప్రాణం తీస్తున్నాయి. బావగారు వచ్చి పైనుంచి మేకులు దిగ్గొట్టి పోవడమే గానీ, మెట్ల కింద బిగించిన పలకను ఎవర్నీ విప్పనిచ్చేవాడు కాదు. పోయిన వారం వాడు పొరుగూరి పనికి వెళ్ళాడు. ఇంక నా చెయ్యి ఊరుకుంటుందా? పలక విప్పి టార్చి వేసి చూశాను.

ప్రతి మెట్టుకూ రెండు చివర్లా, పక్క పలక సందులో చెక్క చీల కొట్టి బిగించాలి. ఏడో మెట్టుకు చీలలే లేవు. మర్చిపోయాడు. మరుపు ఎవరికైనా వస్తుంది, దానికి నేనేమీ అనను. కానీ వాటి బదులు రెండు ఇనప పట్టీలు, స్క్రూలు. చుట్టూ పాత మేకులన్నీ తుప్పు పట్టి నల్లబడితే, అవి మాత్రం మెరుస్తున్నాయి. అంటే తర్వాత వేసినవే. మా ఆయన పడ్డ రాత్రి మేమంతా ఆసుపత్రిలో ఉంటే, వాడిక్కడ వీటిని బిగించుకున్నాడన్న మాట!

నోటికొచ్చిన తిట్లన్నీ అక్కడే కూర్చుని తిట్టాను. అవి చూపించి నిలదీస్తే, మొన్ననే వేశానంటాడు. నిజం వాడి నోటితోనే రావాలి. పట్టీలు పీకేసి, జిగురు పూసి చీలలు కొట్టాను. మిగతా మెట్లూ బిగించాను.

ఆదివారం బావగారు వచ్చాడు.

"మెట్లు బాగుచేస్తున్నాను బావగారూ. కింద ఒక మెట్టుకు ఇనప పట్టీలుంటే పీకేశాను. ఓసారి ఎక్కి చూడండి."

వాడి మొహంలో కత్తివేటుకు నెత్తుటిచుక్క లేదు.

"ఎక్కరా పెద్దోడా, చూద్దాం" అంది అత్తయ్య.

తప్పక ఎక్కాడు. ఆరు మెట్లూ టపటపా ఎక్కేశాడు. అక్కడ ఆగి, పక్క కమ్మీ గట్టిగా పట్టుకుని, ఏడోది దాటించి ఎనిమిదో మెట్టు మీద కాలేశాడు.

"ఏ మెట్టో నేను చెప్పలేదే!" అన్నాను.

ఒక కాలు కిందా ఒక కాలు పైనా పెట్టి అలాగే కొయ్యబారిపోయాడు. చూస్తుంటే నాకు ఎంత హాయిగా ఉందో దాచుకోను.

"ఆ రోజు మా ఆయన తాగాడా?"

"లేదు" అన్నాడు గొంతులోనే.

"అత్తయ్యకు వినపడాలి."

"తాగలేదమ్మా! చీలలు కొట్టడం మర్చిపోయాను. మేస్త్రీగా నా పేరు పోతుందని..."

చేతికర్ర మీద ఆనుకుని నిలబడ్డ మా ఆయన నెమ్మదిగా అన్నాడు. "నా పేరు పోయింది కదన్నయ్యా."

అత్తయ్య లేచి చిన్నకొడుకు పక్కకు వెళ్ళి నిలబడింది. పెద్దవాడి వంక చూడనైనా లేదు.

"ఒప్పుకున్నాను కదమ్మా, ఇంక వదిలెయ్" అన్నాడు వాడు నాతో, కళ్ళు దించుకుని.

"ఆరేళ్ళ కిందట మీరన్న మాట ఇంట్లోనే ఆగిందా బావగారూ? రేపు పొద్దున్నే డిపో గేటు దగ్గర ఇదే మాట, ఇంతే గట్టిగా చెప్పాలి. పక్కన నేనుంటాను."