ఖాళీ కొక్కెం

మా ఆవిడ తమ్ముడు ఇంట్లో నన్ను "బావా" అంటాడు. ల్యాబులో "ఏమయ్యా" అంటాడు. పెద్ద చదువు, పెద్ద కుర్చీ, పోనీలే అనుకునేవాణ్ణి. పోయిన ప్రయోగం దాకా.

వాడి పని ఇదీ. లోహపు పలకని మందుగుండుతో కొడతారు. ఆ దెబ్బకి లోహం అణిగి దట్టమయ్యే రెప్పపాటులో ప్రోటాన్ల కిరణం దాన్ని దూసుకుపోయి ఫోటో తీస్తుంది. నల్లగా పడినచోట సాంద్రత ఎక్కువ. ఎంత ఎక్కువో పక్కన బిగించిన, మెట్టు మెట్టుకీ మందం తెలిసిన దిమ్మ నీడతో పోల్చి చెబుతారు. బిగించేది నేను.

పోయినసారి వాడు టైము తప్పు పెట్టాడు. పెళ్లికొడుకు రాకముందే పెళ్లి ఫోటో తీసినట్టు, మందు పేలకముందే ఫోటో పడింది. అందరి ముందూ నన్ను చూపించి, "వైరు వదులుగా బిగించాడు. ఆరో తరగతి చదువు మరి" అన్నాడు. మర్నాడు నా చేతిలో స్పానరు పోయి చీపురొచ్చింది.

"నోరు జారాడు, వదిలెయ్యండి" అంది మా ఆవిడ.

వదల్లేదు.

ప్రయోగం జరిగే హాల్లోకి వెళ్లే ప్రతివాడూ గుమ్మం దగ్గర బోర్డు మీంచి ఒక తాళంచెవి తీసుకెళ్లాలి, బయటికొచ్చి తిరిగి తగిలించాలి. ఒక్క కొక్కెం ఖాళీగా ఉన్నా, లోపల మనిషున్నాడని కిరణం రాదు. మధ్యాహ్నం గంట మోగితే కిరణం చికిత్స కోసం పక్కనున్న క్యాన్సర్ ఆసుపత్రికి మళ్లుతుంది. మళ్లీ మా వంతు వచ్చే ఏడాదే.

ఈసారి చూడ్డానికి పైనుంచి పెద్దలొచ్చారు. నేను హాలు ఊడ్చి వచ్చి, తాళంచెవి జేబులో ఉంచుకున్నాను.

బల్లల కింద దూరి మరీ వెతికారు. చీపురువాణ్ణి ఎవరడుగుతారు? చివరికి మా బావమరిదికే తట్టింది.

"ఏమయ్యా, నీ దగ్గరుందా?"

"ఎవర్నండీ అడుగుతున్నారు?"

దగ్గరికొచ్చి గొణిగాడు. "బావా, పరువు తియ్యకు. ఇచ్చెయ్."

"వినబళ్లేదు సార్. ఆరో తరగతి చెవులు."

"బావా, దండం పెడతాను."

ఈసారి అందరికీ వినబడింది. పెద్దాయన ఒకరు, "ఈయన మీ బావగారా?" అన్నారు.

"అవునండీ. మా అక్క భర్త."

"పోయినసారి తప్పెవరిదో కూడా చెప్పెయ్ మరి. తాళంచెవి నీ చేతిలో పెడతా" అన్నాను.

వాడు నోరు తెరిచాడు. పెద్దల వంక చూశాడు. మూశాడు.

గంట మోగింది.

తాళంచెవి తీసి ఖాళీ కొక్కేనికి తగిలించాను.

సాయంత్రానికి ఆ చీపురూ పోయింది. మా ఆవిడ గదిలోకెళ్లి తలుపేసుకుంది. అన్నం నేనే వడ్డించుకున్నాను. చాలా రోజులకి మారు వడ్డించుకుని తిన్నాను.