బఠాణీలు ఒలిచే మొగుడు

"ఊఁ, ఇవాళేమిటి విశేషాలు?" అంటూ ఆయన పీట లాక్కుని వంటింటి గుమ్మం దగ్గర కూర్చున్నాడు. ఒళ్ళో గిన్నె, పక్కన బఠాణీకాయల సంచి. కాయ చీల్చి బొటనవేలితో గింజలు రాల్చడం ఈ మధ్యే ఆయనకు చేతనైంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తాగిన గ్లాసు తీసి సింకులో పెట్టి ఎరగని మనిషి, ఈ విద్యాసంవత్సరం మొదలైనప్పటినుంచి ఆమె పొయ్యి వెలిగించే వేళకు ఇలా వచ్చి కూర్చుంటున్నాడు. బఠాణీలు లేనిరోజు వెల్లుల్లి ఒలుస్తాడు.

అత్తగారు మొదట్లో ఉడుక్కుంది. "నా కొడుకు చేత వంటింటి పని చేయించాలని ఎవరికుందో గానీ ఆ ముచ్చట, తీరింది" అంది గోడతో చెప్పినట్టు. తర్వాత తర్వాత తన చెల్లెళ్ళకు ఫోన్లు చేసి, "మావాడు పెళ్ళాన్ని నెత్తిన పెట్టుకు చూస్తాడే" అని గొప్పలు పోసాగింది. ఆ పెళ్ళాం మోకాళ్ళు పట్టేసి సోఫా పట్టుకుని లేస్తుండటం మాత్రం ఆవిడ కంటబడలేదు.

ఆమె మురిసిపోయింది. దాచుకోవడానికేముంది, నిజంగానే మురిసిపోయింది. ఆయన చేసే సాయం గోరంత. ఆయన లేచాక తొక్కలు ఎత్తాల్సింది కూడా ఆమే. ఇద్దరూ ఒకే యూనివర్సిటీలో పనిచేసి, ఒకే స్కూటర్ మీద ఇంటికొస్తారు. గడపలో అడుగు పెట్టగానే ఆయన ఉద్యోగం అయిపోతుంది, ఆమెకు రెండోది మొదలవుతుంది. అయినా సరే, రోజంతా ఏం చేశావని తనను అడిగే మనిషి ఒకడున్నాడన్న తలపు ఆమెను కరిగించింది. "నీదేముందిలే, నీడపట్టున పుస్తకాలు సర్దే ఉద్యోగం" అని బంధువుల ముందు నవ్వినవాడు ఆయనే. ఆ మనిషే ఆమె కబుర్ల కోసం ఇప్పుడు చెవి ఒగ్గి కూర్చుంటుంటే, ఎక్కడో లోపల పాత దెబ్బ మానినట్టనిపించేది.

అది చిన్న ప్రైవేటు యూనివర్సిటీ. నాలుగు భవనాలు, మూడు హాస్టళ్ళు, ఒక భోజనశాల. ఆయన రిజిస్ట్రారు ఆఫీసులో సూపరింటెండెంటు. ఆమె లైబ్రరీలో పుస్తకాలు సర్దుతుండేది. ఈ ఏడాది మొదట్లో డీన్ పిలిచి, "తల్లిమనసున్నవాళ్ళు కావాలమ్మా మాకు" అని, మెట్లకింద గదికి విద్యార్థి సహాయ కేంద్రం అని బోర్డు కొట్టించి అందులో కూర్చోబెట్టాడు. తల్లిమనసు అంటే ఏమిటో ఆమెకు తర్వాత తెలిసింది. అతిథులొస్తే గేటు దగ్గర పూలగుత్తి పట్టుకుని నిలబడాలి. సమావేశాల్లో టీ అందరికీ అందిందో లేదో చూడాలి. పిల్లలెవరైనా కళ్ళు తిరిగి పడిపోతే, నర్సు లేని ఆరోగ్య కేంద్రంలో పక్కన కూర్చోవాలి. ఇవన్నీ అయ్యాక మిగిలిన వేళల్లో పిల్లల గోడు వినాలి. పిల్లలు ఆమెకు 'ఓదార్పు మేడమ్' అని పేరు పెట్టారు. వెక్కిరింపుగా పెట్టినా, వాళ్ళు రావడం మాత్రం మానలేదు. ఈ గదిలో చెప్పిన మాట గది దాటదని ఆమె అందరికీ మాటిచ్చింది.

గదిలో చెప్పిన మాట ఇంట్లో చెబితే గది దాటినట్టు కాదని ఎందుకనుకుందో ఆమెకే తెలియదు. పేర్లు చెప్పదు కదా. మొగుడు పరాయివాడు కాదు కదా.

కిందటి వారం పొడుగుపిల్ల వచ్చింది. ఆఖరి సంవత్సరం పిల్ల, గుమ్మంలో తల వంచి లోపలికొచ్చే అలవాటు. ప్రాజెక్టు గైడు క్లాసులయ్యాక ఒక్కదాన్నే గదికి రమ్మంటున్నాడని, కుర్చీ దగ్గరికి లాక్కుని భుజం మీద చెయ్యేస్తాడని, రానంటే మార్కులు తన చేతిలో ఉన్నాయంటాడని చెప్పింది. తనలాగే మరో ఇద్దరున్నారు, ముగ్గురూ కలిసి ఫిర్యాదు రాస్తామంది. "రాయండి. ఇవ్వడానికి నేనూ వెంట వస్తాను" అంది ఆమె.

వాళ్ళింకా రాయనే లేదు, డీన్ పొడుగుపిల్ల తండ్రికి ఫోన్ చేశాడు. అమ్మాయికి చదువు మీద ధ్యాస తప్పింది, తిరుగుళ్ళు ఎక్కువయ్యాయి, శుక్రవారం వచ్చి ఇంటికి తీసుకెళ్ళండి అన్నాడు. మిగతా ఇద్దరూ నోరు కుట్టేసుకున్నారు. ఇవాళ పొద్దున పొడుగుపిల్ల మెట్లకింద గదికి వచ్చి, కూర్చోకుండానే, "మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు మేడమ్" అంది. ఇంకొక్క మాట కూడా అనకుండా వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

మధ్యాహ్నం దాకా ఆమె ప్రతి మనిషినీ అనుమానించింది. పక్కగది గుమాస్తా క్యాలెండర్ చూసే నెపంతో మాటిమాటికీ ఈ గదిలోకి ఎందుకొస్తాడు? రెండు గదుల మధ్యనున్న చెక్క గోడకు చెవి ఆనిస్తే అన్నీ వినబడతాయా? మెట్లమీద ఎప్పుడూ ఫోన్ పట్టుకుని నిలబడే వాచ్‌మన్ ఎవరితో మాట్లాడుతున్నట్టు? చివరికి గది ఊడ్చే ఆవిడను నిలేసింది. "పిల్లలున్నప్పుడు చీపురు పట్టుకుని ఇక్కడే ఎందుకు తచ్చాడతావు?" అంది. ఆవిడ చీపురు గోడకు ఆనించి, "మా ఇంట్లో నా మాటే ఎవరూ వినరమ్మా. మీ మాటలు మోసుకెళ్ళి ఎవరికి చెప్పను?" అంది. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

అన్ని అనుమానాలతో అలిసిపోయి ఇంటికొచ్చి, ఉల్లిపాయలు తరుగుతూ, ఆయన అడిగిన విశేషాలకు ఏం చెప్పాలా అని వెతుక్కుంటుంటే ఆయనే మళ్ళీ అన్నాడు. "మొన్న నువ్వు చెప్పిన పిల్లే కదూ, శుక్రవారం వాళ్ళ నాన్నొస్తున్నాడట?"

కత్తిపీట మీద ఆమె చెయ్యి ఆగింది. తను చెప్పింది ఒకమ్మాయి అని మాత్రమే. ఏ అమ్మాయో చెప్పలేదు. ఆఫీసులో అందరికీ తెలిసిన సంగతే కావచ్చు, ఆయన దాన్నీ దీన్నీ కలుపుకుని ఉండొచ్చు అని తనకు తాను నచ్చజెప్పుకుంది. పాతికేళ్ళుగా ఆయన తరఫున తనతో తాను వాదించుకుని గెలిపించడం ఆమెకు బాగా వచ్చిన పని. ఈసారి మాత్రం గెలిపించలేకపోయింది. పేరు అడగకుండానే ఆయన అడిగినవన్నీ ఒక్కటొక్కటే గుర్తొచ్చాయి. ఏ సంవత్సరం పిల్ల? హాస్టలా, బస్సులో వస్తుందా? ఏ సారు దగ్గర చేస్తోంది? ఇంత చిన్న యూనివర్సిటీలో అవి చాలవా మనిషిని పట్టుకోవడానికి? వేడినీళ్ళ కోసం సంతకాలు సేకరిస్తానన్న కుర్రాడి సంగతి తను ఇంట్లో చెప్పిన మర్నాడే వాణ్ణి వేరే హాస్టల్‌కి మార్చారు. అప్పుడు యాదృచ్ఛికం అనుకుంది. హాస్టళ్ళ డైరెక్టరు కుర్చీ ఖాళీ అవుతోందని, డీన్ తనను చాలా నమ్ముతున్నాడని ఆయన అద్దం ముందు తల దువ్వుకుంటూ చెప్పినప్పుడు, మంచిరోజులొస్తున్నాయనుకుంది. మొదటి రోజు, ఆ పీట లాక్కుని కూర్చున్న మొదటి రోజు, తను కొత్త గదిలో కూర్చున్న రోజే.

ఇదంతా తన పాడు బుద్ధి అయితే బాగుండునని ఆమె నిజంగా కోరుకుంది. అలా కోరుకుంటూనే నోరు తెరిచింది.

"విశేషమా? భోజనం బాగాలేదని పిల్లలు గొడవ చేస్తారట. గురువారం మధ్యాహ్నం ఖాళీ కంచాలు పట్టుకుని భోజనశాల ముందు బైఠాయిస్తారట" అంది. అలాంటి మాట ఎవరూ అనలేదు. అప్పటికప్పుడు అల్లింది. మొగుడికి అబద్ధం చెప్పడం ఇంత తేలికా అని ఆశ్చర్యపోయింది.

"అలాగా" అన్నాడాయన, కాయ చీలుస్తూ. "అన్ని సంవత్సరాలవాళ్ళూనా?"

గురువారం మధ్యాహ్నం ఆమె గది తాళం వేసి భోజనశాలకు వెళ్ళింది. గుమ్మం దగ్గర వాచ్‌మన్‌లు అందరూ వరసగా నిలబడి ఉన్నారు. లోపల బల్లల మీద ఉతికిన గుడ్డలు, ప్రతి కంచంలో రెండు రకాల తీపి. డీన్ స్వయంగా గరిటె పట్టుకుని, "ఇంకొంచెం వేసుకో నాన్నా, మొహమాటపడకు" అంటూ వడ్డిస్తున్నాడు. పిల్లలు బిత్తరపోయి చూస్తున్నారు. "ఎవరిదైనా పుట్టినరోజా?" అని ఒకడు, "కాదురా, తనిఖీకి ఎవరో వస్తున్నారు" అని ఇంకొకడు. ఆ హాలు మొత్తంలో ఆ తీపి ఎందుకొచ్చిందో తెలిసింది డీన్‌కీ, ఆమెకీ. ఆమె నుంచి డీన్ దాకా ఉన్నది ఒక్క మనిషే.

ఆమె ఒక ముక్క తీసుకుని నోట్లో పెట్టుకుంది. తీపి బాగానే ఉంది. అది మింగుతున్నప్పుడు ఏడుపొచ్చింది. ఆయన ఉప్పందించినందుకు కాదు, తను పొంగిపోయి చెప్పిన సాయంత్రాలన్నిటికీ. ఒక్కరోజు కూడా ఆయన ఆమె సంగతి అడగలేదు. ఆ గది సంగతి అడిగాడు, అంతే.

కళ్ళు తుడుచుకుని అమ్మాయిల హాస్టల్‌కి వెళ్ళింది. పొడుగుపిల్ల మంచం మీద బట్టలు మడతపెడుతోంది. ఆమె పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది. "మాట నా నోటినుంచే పోయింది. మా ఇంట్లో చెప్పాను. అక్కడినుంచి డీన్ దగ్గరికి చేరింది. నన్ను క్షమించమని అడగడానికి రాలేదు. ఇప్పుడేం చేయమంటావో అడగడానికొచ్చాను. నువ్వు చెప్పందే ఒక్క అడుగు వేయను."

పొడుగుపిల్ల మడతపెట్టిన చొక్కానే విప్పి మళ్ళీ మడతపెట్టింది. "నాన్నతో ఆ మాట నేను చెప్పలేను మేడమ్" అంది. "మీరు చెప్పండి. నేను పక్కన కూర్చుంటా."

ఆ తండ్రి ఫోన్లో ముందు కస్సుమన్నాడు. మీ యూనివర్సిటీయే కదండీ మా పిల్ల తిరుగుతోందని చెప్పింది అన్నాడు. ఆమె గైడు సంగతి చెప్పింది. మాట ఎలా బయటపడిందో, ఎవరి ఇంట్లోంచి పోయిందో కూడా దాచలేదు. పొడుగుపిల్ల గోళ్ళు కొరుక్కుంటోంది. అవతల ఆ తండ్రి గొంతు మారిపోయి, "మా అమ్మాయికి ఒకసారి ఇవ్వండి" అన్నాడు. ఇస్తే, "ఆ సంచీ సర్దకమ్మా. రేపు నేను వచ్చేది అందుకు కాదు" అన్నాడు. ఆ మాట విని పిల్ల అప్పుడు ఏడ్చింది. ఫోన్ మళ్ళీ ఆమె చేతికొచ్చాక ఆ తండ్రి ఒక్కటే అడిగాడు. "డీన్ ముందు మీరూ ఉంటారా?"

"ఉంటాను" అంది ఆమె. ఆ ఒక్క మాటతో మెట్లకింద గది పోవచ్చు. స్కూటర్ మీద వెనక సీటూ పోవచ్చు. అయినా ఆమెకు ఆ క్షణంలో భయం వేయలేదు. పొద్దుపోయాక వేస్తుందేమో, అప్పుడు చూసుకోవచ్చనుకుంది. వచ్చే దారిలో గది ఊడ్చే ఆవిడ మెట్లు తుడుస్తూ కనబడితే ఆగి, "ఆ రోజు నేనన్నది తప్పు" అని చెప్పింది. ఆవిడ తడిచేత్తోనే పర్లేదన్నట్టు సైగ చేసింది.

సాయంత్రం ఆయన హుషారుగా ఉన్నాడు. పీట లాక్కుని, గిన్నె ఒళ్ళో పెట్టుకుని, "ఇవాళ భోజనశాలలో గొడవేం జరగలేదే? పిల్లలు వెనక్కి తగ్గారా?" అన్నాడు.

"ఎవరూ తగ్గలేదు. ఆ గొడవ నేను అల్లిన అబద్ధం" అంది ఆమె. "మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు."

ఆయన బొటనవేలు కాయలోనే ఆగిపోయింది. హాల్లో అత్తగారు టీవీ గొంతు తగ్గించింది. ఆయన ముఖంలో రంగులు మారడం ఆమె తీరిగ్గా చూసింది. "అది కాదు, నీ మంచికే... మన ఇద్దరి మంచికే..." అని ఆయన మొదలుపెట్టాడు.

"రేపు ఆ అమ్మాయి వాళ్ళ నాన్నతో కలిసి నేనూ డీన్ గదిలోకి వెళ్తున్నాను. ఈ మాట మీరు మోసుకెళ్ళక్కర్లేదు, వాళ్ళకు నేనే చెబుతాను" అంది. ఆయన గిన్నె కింద పెట్టి లేవబోయాడు. ఆమె దాన్ని మళ్ళీ ఆయన ఒళ్ళోకి జరిపింది.

"కూర్చోండి. ఇకమీదట ఇక్కడ విశేషాలు ఉండవు. బఠాణీలు మాత్రం రోజూ ఉంటాయి."