పొద్దున ఏం తిన్నారు?

మా ఆయన ముప్పై ఏళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్నాడు. పద్నాలుగో అంతస్తులో లిఫ్టు గోతి అంచున కూర్చుని తాపీగా టీ తాగే మనిషి. అలాంటివాడికి విమానమంటే భయం. ఇప్పటికి రెండుసార్లు ఎయిర్‌పోర్టు దాకా వచ్చి వెనక్కి తిరిగాడు. మొదటిసారి కడుపునొప్పి అన్నాడు. రెండోసారి గ్యాసు కట్టేయడం మరిచిపోయానన్నాడు. మా ఇంట్లో ఉన్నది కరెంటు పొయ్యి.

ఈసారి ఆ వేషాలు కుదరవని ముందే చెప్పాను. ఎల్లుండి మా అక్కకు గుండె ఆపరేషన్. అమ్మ పోయాక నన్ను చంకనెత్తుకుని పెంచింది అక్కే. లోపలికి వెళ్లేముందు మా ఇద్దరినీ ఒకసారి చూడాలంది. ఇరుకు సీటైతే మరిదికి ఇంకా దడ అని, బిజినెస్ క్లాసు టికెట్లు కూడా తనే పంపింది.

"ఈసారి వెనక్కి తిరిగారంటే నేనొక్కదాన్నే పోతాను. మళ్లీ మీ మొహం చూడను" అన్నాను.

ఆయన తల ఊపాడు. ఆ ఊపుడు నేను ఇదివరకు రెండుసార్లు చూశాను.

టికెట్ల పుణ్యమా అని ఎయిర్‌పోర్టు లాంజ్‌లో అడుగుపెట్టాం. అబ్బో, ఏం వైభోగం! కూర్చుంటే లేవనివ్వని సోఫాలు, దగ్గు కూడా గుసగుసగా దగ్గే మనుషులు. ఒక పెద్దమనిషి బూట్లు విప్పి గురకపెడుతున్నాడు, మేజోడుకు బొటనవేలి దగ్గర ఇంత చిల్లు. తిండి ఎంత తిన్నా అడిగేవాడు లేడట. గుడ్లు, రొట్టెలు, జున్ను, పళ్లు, కేకు, అన్నీ కలిపి నాలుగు ప్లేట్లు లాగించాను. నాలుగు బిస్కెట్లు కాగితంలో చుట్టి సంచిలో వేశాను.

"ఏమే, మన పరువు!" అన్నాడు ఆయన.

"పరువు ట్రాలీలోనే వదిలేసి వచ్చాను. ముందు మీరు తినండి."

ఆయన పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. కాసేపటికి బాత్‌రూమ్‌కు అని లేచాడు, చేతిలో బ్యాగుతో. బాత్‌రూమ్‌కు బ్యాగెందుకు? కేకు ముక్క చేత్తో పట్టుకుని వెనకే పరుగెత్తాను.

తీరా చూస్తే ఆయన గుమ్మం పక్కనున్న గాజు లిఫ్టు ముందు ఆగిపోయి ఉన్నాడు. లిఫ్టు సగం పైకి లేచి నిలిచిపోయింది. లోపల ఒక పైలట్, ఒక్కడే. చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయింది. అరచేతులతో గాజును బాదుతున్నాడు. బయట జనం "ధైర్యంగా ఉండండి!" అని అరుస్తున్నారు. లిఫ్టు తాళాలున్న మెకానిక్ రావడానికి పావుగంట పడుతుందని కౌంటర్ అమ్మాయి చెబుతోంది.

"మీరంతా కాస్త నోళ్లు మూస్తారా?" అన్నాడు మా ఆయన. ఇంట్లో పిల్లిని కూడా గట్టిగా అదిలించని మనిషి. గాజు దగ్గరికి వెళ్లి, "ఏమండీ, పొద్దున ఏం తిన్నారు?" అని అడిగాడు.

జనం ఆయనకు పిచ్చనుకున్నారు. నాకు తెలుసు, అది ఆయనకు పని నేర్పిన మేస్త్రీ మాట. ఇరుక్కున్నవాణ్ణి ధైర్యంగా ఉండమంటే భయమే గుర్తొస్తుంది, ఏం తిన్నావంటే తిండి గుర్తొస్తుంది అనేవాడట.

"గు... గుడ్లు" అన్నాడు పైలట్.

"ఎన్ని?"

"రెండు."

"ఉప్పు సరిపోయిందా?"

"ఎక్కువైంది. మా ఆవిడకి చెబుదామంటే..."

"చెప్పకండి! నేను చెప్పి చెడ్డాను."

జనమంతా నావైపు తిరిగారు. నేను కేకు నములుతున్నాను. పైలట్ నవ్వి, నేలమీద కూలబడ్డాడు.

"రోజూ విమానం నడుపుతానండీ, ఏ భయమూ లేదు. అక్కడ అంతా నా చేతిలో ఉంటుంది. ఇక్కడ నా చేతిలో ఏముంది?"

"నా ఏడుపూ అదేనండీ. మీ విమానంలో నా చేతిలో ఏముంటుంది?" అన్నాడు మా ఆయన. తర్వాత గాజు మీద చెయ్యి ఆనించి, "ఇది పడదు. తాడు తెగినా పట్టుకునే బ్రేకులున్నాయి" అన్నాడు.

మెకానిక్ వచ్చి దింపేదాకా ఇద్దరూ గుడ్ల గురించే మాట్లాడుకున్నారు. దిగాక తెలిసింది, మా విమానం నడపాల్సింది ఆ పైలటేనట.

ఇంత జరిగినా విమానం గుమ్మంలో మా ఆయన కాళ్లు మొరాయించాయి. వెనక క్యూ సణుగుతోంది. అంతలో ముందు గదిలోంచి పైలట్ తల బయటపెట్టాడు.

"ఏమండీ, పొద్దున ఏం తిన్నారు?"

"ఏమీ తినలేదండీ."

నేను సంచిలోంచి బిస్కెట్ తీసి మా ఆయన నోట్లో కుక్కాను. "ఇదిగో, తిన్నారు బాబూ!"

"ఎలా ఉంది?" అన్నాడు పైలట్.

"మెత్తబడింది" అన్నాడు మా ఆయన నములుతూ. ఆ మాట అంటూనే అడుగు లోపల వేశాడు.

విమానం లేచింది. ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఇక నాకు తిట్టే పని లేదు, తినే పని లేదు, కాపలా కాసే పనీ లేదు. అక్క మొహం కళ్లముందుకొచ్చింది. ఎల్లుండి ఎవరో దాని గుండె కోస్తారు. నా చేతిలో ఏముంది? ఎంత ఆపుకున్నా ఏడుపు తన్నుకొచ్చింది.

కళ్లు తెరవకుండానే ఆయన నా చెయ్యి వెతికి పట్టుకున్నాడు.

"ఏమే, పొద్దున ఏం తిన్నావు?"

"నాలుగు ప్లేట్లు" అన్నాను వెక్కుతూ.

"ఆ సంగతి లాంజ్ అంతా చూసిందిలే. మొదటి ప్లేటు నుంచి చెప్పు."

"గుడ్లు. రెండు."

"ఉప్పు సరిపోయిందా?"