ఉయ్యాల స్ప్రింగు గొంతు

నేను ఒక ఉయ్యాల స్ప్రింగుని. అంత మాత్రాన నన్ను చిన్నచూపు చూడకండి. నేను పుట్టింది విజయవాడ ఆటోనగర్లో, లారీలకూ బస్సులకూ స్ప్రింగులు చేసే షెడ్డులో. నాతో పాటు పుట్టినవాళ్ళు ఘాట్ రోడ్లెక్కారు, సిమెంటు బస్తాలు మోశారు. నేను మోసింది పసిపిల్లల్ని. ఏది బరువో మోసినవాడికే తెలుస్తుంది. సిమెంటు బస్తా చుట్టూ చేరి నలుగురు పెద్దవాళ్ళు ఏడవరు కదా.

నన్ను చుట్టినవాడు మస్తాన్ మేస్త్రీ. ఆటో సీటు కోసం చుట్టాడు. చివరి చుట్టు మీద సుత్తి దెబ్బ వేసేటప్పుడు ఎవరో పిలిస్తే తల తిప్పాడు. దాంతో ఆ చుట్టు కాస్త వంగి పక్క చుట్టుకు ఆనుకుంది. లాగి వదిలితే "కిర్ర్... కీచ్" అన్నాను. మేస్త్రీ మొహం చిట్లించి నన్ను మూలకు విసిరేశాడు. కొన్నాళ్ళకు వన్‌టౌన్‌లో ఉయ్యాల సామాను అమ్మే ఆయన వచ్చి ఏరుకుపోయాడు. రెండు కొసలకూ కొక్కేలు పెట్టాడు. పై కొక్కెం ఇంటి కప్పుకున్న రింగుకు తగిలిస్తారు, కింది కొక్కేనికి చీర కట్టి అందులో పాపాయిని వేస్తారు. ఆటోలో ఊరంతా తిరగాల్సినవాణ్ణి, ఒకే చోట వేలాడుతూ కిందికీ పైకీ ఊగడం నా ఉద్యోగమైంది.

మొదట మంగళగిరిలో ఒక టైలరు ఇల్లు, తర్వాత తాడేపల్లిలో ఒక లైన్‌మన్ ఇల్లు, ఆ తర్వాత గుణదలలో ఒక పిన్నిగారి మనవడు. ముగ్గురూ గుమ్మడికాయల్లా నిద్రపోయారు. దాంతో నాకు పేరొచ్చింది. "ఈ స్ప్రింగు రాశి మంచిదమ్మా, దీనికి వేసిన బిడ్డ ఏడవదు" అనేవారు. రాశి లేదు, గీశి లేదు. వాళ్ళను నిద్రపుచ్చింది నా కిర్రు. ఊపిన ప్రతిసారీ ఒకే చోట, ఒకే తీరున వచ్చే చప్పుడు. పసివాళ్ళకు కావలసింది అంతే. కానీ మనుషులు కిర్రుమనే దాన్ని చూసి విసుక్కుంటారు తప్ప, నిద్రపోయే పిల్లను చూసి ఆ ఘనత దానికి ఇవ్వరు.

గుణదల పిన్నిగారు నన్ను సత్యనారాయణపురంలో ఉన్న తన అక్క కూతురు నీరజకు పంపింది. నీరజకు తల్లి లేదు. అందుకని పురుడు అత్తగారింట్లోనే పోశారు. నాతో పాటు వాళ్ళమ్మ కట్టుకున్న పాత నేతచీర కూడా ఒకటి వచ్చింది.

ఆ ఇంటి సంగతి ముందే చెప్పాలి. అత్తగారు త్రిపురసుందరిగారు సంగీతం మాస్టారు. పొద్దున ఆరింటికి శృతిపెట్టె మోగడం మొదలైతే చీకటి పడేదాకా ఎవరో ఒక పిల్ల సరళీ స్వరాలు పాడుతూనే ఉంటుంది. ఆ ఇంట్లో కుక్కరు విజిలు కూడా భయపడుతూ వేస్తుంది. కొడుకు ఫణీంద్ర పాడడు కానీ తల ఊపడం బాగా నేర్చుకున్నాడు. కోడలు నీరజకు మాత్రం సంగీతం రాదు. "మా కోడలికి షుగరుంది" అన్నట్టుగా ఆవిడ "మా కోడలికి శృతి లేదు" అని వచ్చినవాళ్ళకు గొంతు తగ్గించి చెప్పేది.

ఫణీంద్ర నన్ను తగిలించగానే పాపను వెయ్యనివ్వలేదు. ముందు అయిదు కిలోల బియ్యం సంచీ వేసి పరీక్షించాడు. ఖాళీ ఉయ్యాల ఊపకూడదని వాళ్ళమ్మ అంటే, ఇది ఖాళీ కాదు కదా అని వాదించి గంటసేపు ఊపాడు. బియ్యం హాయిగా నిద్రపోయాయి.

ఇరవై ఒకటో రోజున పాపను ఉయ్యాల్లో వేశారు. తన్మయి అని పేరు పెట్టారు. పేరంటాళ్ళు వరసగా నిలబడి తలొక పాటా పాడారు. ఆఖరికి ఎవరో నీరజ భుజం తట్టి, "తల్లివి నువ్వూ ఒక చరణం అందుకో అమ్మాయ్" అన్నారు.

"గొంతు బాగోలేదండీ" అంది నీరజ.

గొంతుకేమీ కాలేదు. అయిదో తరగతిలో ప్రార్థన పాడుతుంటే టీచరు ఆమె పక్కకు వచ్చి, "నువ్వు పాడకమ్మా, పెదాలు కదుపు చాలు" అంది. అప్పటినుంచి నీరజ పెదాలే కదుపుతోంది. జనగణమన దగ్గర కూడా. ఈ ముక్క నాకెలా తెలుసంటారా? మధ్యాహ్నాలు ఎవరూ లేనప్పుడు పాపకు అన్నీ చెప్పుకునేది. నేను పైనే కదా ఉన్నది.

ఒకరోజు పాపను ఊపుతూ తనకు తెలియకుండానే కూనిరాగం మొదలుపెట్టింది. వంటింట్లోంచి త్రిపురసుందరిగారు వచ్చి ఎంతో ప్రేమగా, "నేను పాడతాగా తల్లీ, నీకెందుకు శ్రమ" అంది. నీరజ నోరు మూసుకుంది. ఆ పూట పాపకు ఏమీ చెప్పుకోలేదు. నాకు ఆవిడ మీద కోపం వచ్చింది కానీ, నా కోపం కూడా కిర్రుమనే వినిపిస్తుంది.

మొదటి నెలన్నర పాప బంగారంలా నిద్రపోయింది. ఆ ఘనత నాదంటే నాదని ఇంట్లో పోటీ. త్రిపురసుందరిగారు తన నీలాంబరి రాగం వల్లేనంది. ఫణీంద్ర తన ఫోనులో పెట్టిన వాన చప్పుడు వల్లేనన్నాడు. అతను ఒక నోటుబుక్కు పెట్టాడు. పాలెన్నిసార్లు, తడెన్నిసార్లు, నిద్రెన్ని నిమిషాలు, తుమ్ములెన్ని, అన్నీ గీతలు గీసి రాసేవాడు. నీరజ మాత్రం ఎవరితోనూ పోటీ పడలేదు. ఒక మధ్యాహ్నం పాప చెవి దగ్గర వంగి, "అందరి గొంతూ గుర్తుపడతావు గానీ, నా గొంతు నీకు తెలుస్తుందా?" అని అడిగింది. అదీ నీరజ దిగులు. ఆ ఇంట్లో ఎవరి నోటుబుక్కులోనూ దానికి గడి లేదు.

ఇలా ఉండగా ఒకనాడు త్రిపురసుందరిగారు పాడుతూ పాడుతూ ఆగి, నా వైపు చూసింది.

"ఒరేయ్ ఫణీ, ఇది గాంధారానికీ మధ్యమానికీ మధ్యన ఎక్కడో అరుస్తోందిరా. పసిదాని చెవిలో రోజూ ఈ అపస్వరం పడితే రేపు సంగీతం ఏం అబ్బుతుంది?"

ఫణీంద్ర వెంటనే కుట్టుమిషను నూనె తెచ్చి, స్టూలెక్కి, చుట్టు చుట్టుకూ పోశాడు. నా నోరు పడిపోయింది. ఊపితే ఊగుతున్నాను, చప్పుడు లేదు. వాళ్ళు మురిసిపోయారు.

ఆ మధ్యాహ్నమే పాప ఇల్లు పీకి పందిరేసింది.

త్రిపురసుందరిగారు నీలాంబరి అందుకుంది. పాప అంతకన్నా పై స్థాయిలో అందుకుంది. ఆనందభైరవికి మారింది, లాభం లేదు. ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచారు. కడుపునొప్పేమోనని వాము నీళ్ళు పట్టారు. ఫణీంద్ర ఫోనులో వాన ఆపి సముద్రం పెట్టాడు, సముద్రం ఆపి రైలు పెట్టాడు. ఎవరో చెప్పారని మిక్సీ ఖాళీగా తిప్పాడు. మిక్సీ కాలిపోయింది. నోటుబుక్కులో అన్నీ రాశాడు. నాకు నూనె పోసిన సంగతి తప్ప. అది పాపకు సంబంధించిన విషయం కాదట.

మూడో రోజుకు కొత్త భయం పుట్టింది. ఇంత పాడినా ఊరుకోవడం లేదంటే పిల్లకు అసలు వినపడుతోందా అని. ఫణీంద్ర పాప వెనక నిలబడి స్టీలు పళ్ళెం మీద గరిటెతో ఒక్కటిచ్చాడు. పాప ఉలిక్కిపడి గంటసేపు ఏడ్చింది. "వినపడుతోంది" అని అందరూ సంతోషించారు. అయినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన చెవులూ పొట్టా చూసి, నోటుబుక్కు నాలుగు పేజీలు తిప్పి, "పాప బాగానే ఉంది. మీరు కాస్త నిద్రపోండి" అన్నాడట. ఇంతేసి చదువు చదివినవాడు మందు రాయకుండా పంపేశాడని ఇంటికొచ్చాక తిట్టుకున్నారు.

నేను పైనుంచి చూస్తూనే ఉన్నాను. చెప్పాలనుకున్నాను, నోరు లేదు. ఎంత ఊగినా నూనె కారింది తప్ప చప్పుడు రాలేదు. నీరజ కళ్ళు లోపలికి పోయాయి. "నా దగ్గరే ఎక్కువ ఏడుస్తోందండీ" అని భర్తతో అంది ఒకసారి. అతను ఆ మాట కూడా రాసుకున్నాడు.

చివరికి కరెంటుతో దానంతటదే ఊగే ఉయ్యాల తెద్దామని తీర్మానించారు. గురువారం మధ్యాహ్నం ఫణీంద్ర దాన్ని తేవడానికి బయల్దేరాడు. త్రిపురసుందరిగారు ఏదో పాటల పోటీకి న్యాయనిర్ణేతగా వెళ్ళింది. ఇంట్లో నీరజ, పాప, ఉద్యోగం ఊడబోతున్న నేను.

పాప ఏడుపు మొదలుపెట్టింది. అరగంటయింది, ముప్పావుగంటయింది. నీరజ ఎత్తుకుంది, దించింది, పాలిచ్చింది. ఇక ఏమీ తోచక తానూ ఏడ్చింది. తర్వాత లేచి కిటికీలు మూసింది. వీధి తలుపు దగ్గరగా వేసింది. శృతిపెట్టె మీద ఒక తువ్వాలు కప్పింది, అది వింటుందేమోనన్నట్టు. వచ్చి చీర అంచు పట్టుకుని ఊపుతూ పాడింది. ఆమెకు జోలపాటలు రావు, పాడి వినిపించిన తల్లి లేదు. అందుకని నోటికొచ్చిందే పాడింది.

"పాలు తాగావు, నీళ్ళు పోశాను, ఉతికిన గుడ్డ కట్టాను, ఇంకేం కావాలే తల్లీ జో జో. డాక్టరేమో బాగున్నావన్నాడు, మీ నాన్నేమో లేదన్నాడు, నేనెవరి మాట నమ్మనే తల్లీ జో జో."

మొదటి మాటలు పెదాల మీదే ఉన్నాయి. 'తల్లీ' దగ్గర గొంతు పైకి లేచింది. లేచి, చీలి, గాంధారం దాటి, మధ్యమం అందక, మధ్యన ఎక్కడో ఆగి కీచుమంది.

నేను ఊగుతున్నవాణ్ణి బిగుసుకుపోయాను. అది నా కిర్రు. మస్తాన్ మేస్త్రీ తల తిప్పిన చోట పుట్టిన అదే చప్పుడు, అచ్చంగా అదే.

పాప ఏడుపు ఆపింది. కళ్ళు పెద్దవి చేసి అమ్మ మొహం వైపు చూసింది. నీరజ భయపడి పాట ఆపింది. పాప మూతి విరిచింది. నీరజ మళ్ళీ అందుకుంది. మూడోసారి 'తల్లీ' దగ్గరికి వచ్చేసరికి పాప రెప్పలు వాలాయి. గుప్పిట విడిపోయింది. నిద్రపోయింది.

కళ్ళజోడు మరిచిపోయి వెనక్కి వచ్చిన త్రిపురసుందరిగారు గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటినుంచో తెలియదు. నీరజ చూసి తెల్లబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అది ఏ శృతమ్మా?" అంది ఆవిడ.

"నాకు తెలీదు అత్తయ్యగారూ."

త్రిపురసుందరిగారు ఉయ్యాల్లోకి తొంగిచూసింది. "పాడు పాడు. ఆపితే లేస్తుంది" అని, కళ్ళజోడు తీసుకుని, చప్పుడు కాకుండా వెళ్ళిపోయింది. ఆవిడ మీద నా కోపం సగం తగ్గింది. మిగతా సగం మర్నాడు మళ్ళీ పెరిగింది, ఎందుకంటే శిష్యురాళ్ళతో, "మా మనవరాలిది గొప్ప చెవి, మామూలు రాగాలకు లొంగదు" అని చెప్పుకుంది.

ఫణీంద్ర కరెంటు ఉయ్యాలతో వచ్చాడు. అందులో వేసినా పాప నిద్రపోయింది, పక్కన నీరజ కూర్చుని పాడుతోంది కనుక. అతను నోటుబుక్కులో "కొత్త ఉయ్యాల. ఫలితం అద్భుతం" అని రాసి కింద రెండు గీతలు గీశాడు. మర్నాడు నన్ను కప్పు మీంచి దించేశారు.

నాకు ఏడుపు రాలేదు. నిజం చెప్పాలంటే నా నోరు మూసినందుకు ఆ నూనెకు దండం పెట్టుకున్నాను. నేను కిర్రుమంటూనే ఉంటే నీరజ నోరు ఎప్పటికీ తెరిచేది కాదు.

ఇప్పుడు నేను వాళ్ళ వీధి గేటుకు ఉన్నాను, తీసిన గేటు మళ్ళీ మూసుకునేలా లాగుతూ. రెండు వానాకాలాలకు నూనె కొట్టుకుపోయి నా గొంతు తిరిగొచ్చింది. వచ్చిన రోజు తన్మయి మూడేళ్ళది, మెట్టు మీద కూర్చుని ఇడ్లీ తింటోంది. పాలవాడు గేటు తీశాడు, కూరలమ్మి తీసింది, పక్కింటావిడ తీసింది. ఇడ్లీ చేతిలో ఉండగానే పిల్ల తూగి పడుకుంది. నీరజ వచ్చి చూసింది. గేటు ఒకసారి ఊపింది. మళ్ళీ ఊపింది. నా వైపు తిరిగి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఫణీంద్ర నూనె డబ్బాతో వస్తే మాత్రం, "దాని జోలికి వెళ్ళకండి" అంది.

మొన్న తన్మయి బడినుంచి వచ్చింది. ఇప్పుడు ఒకటో తరగతి. గేటు పట్టుకుని నిలబడి లోపలికి రాలేదు. నీరజ అడగ్గా అడగ్గా చెప్పింది.

"ప్రార్థనలో నన్ను పాడొద్దంది టీచరు. ఊరికే పెదాలు కదపమంది."

వసారాలో కూర్చున్న త్రిపురసుందరిగారు లేచింది. "మా మనవరాలికి శృతి లేదంటుందా? ఆ టీచరుకు చెవి లేదు."

"శృతి లేదు అత్తయ్యగారూ" అంది నీరజ. "నాకూ లేదు. అయినా పాడుతుంది."

చెప్పులు వేసుకుని పిల్ల చెయ్యి పట్టుకుంది. ఫణీంద్ర, "ఇప్పుడా? రేపు మాట్లాడొచ్చుగా" అన్నాడు. ఆమె వినిపించుకోలేదు. గేటును ఈ చివరినుంచి ఆ చివరిదాకా లాగి తీసింది. నేను గొంతు చించుకుని కిర్రుమన్నాను. వీధిలో నలుగురు తిరిగి చూశారు. తల్లీ కూతుళ్ళు వెనక్కి చూడకుండా బడి వైపు నడిచారు.